డచ్చివారి అల్లం గుండు

రిటైరైన నెల తిరక్కుండానే నేను చరిత్ర మీద పడ్డాను. నాతోపాటు స్టీల్ ప్లాంటులో పనిచేసి దిగిపోయిన వాళ్లలో కొందరు స్థలాల బేరాల్లోకి వెళ్లారు, కొందరు గుడి కమిటీల్లో దూరారు, ఒకాయన హోమియో మందుల పెట్టె కొనుక్కుని కాలనీ మొత్తానికి తీపి గుళికలు పంచడం మొదలుపెట్టాడు. నాకు బేరాలు రావు, భక్తి అంతంతమాత్రం, మందులంటే భయం. కాబట్టి విశాఖపట్నంలో ఏ లైబ్రరీలో పాత ఫోటోల ప్రదర్శన పెట్టినా, ఏ హాల్లో మన ఊరి చరిత్ర మీద ఉపన్యాసం ఉన్నా, గాజువాకలో బస్సెక్కి అరగంట ముందే వెళ్లి మొదటి వరసలో కూర్చునేవాణ్ణి.

వినడానికి వెళ్లేవాణ్ణని మీరనుకుంటే నన్ను మీరు ఎరగరన్నమాట. నేను తప్పులు పట్టడానికి వెళ్లేవాణ్ణి. జేబులో చిన్న నోటుబుక్కు, దాని అట్ట మీద ‘సవరణలు’ అని నా చేతిరాత. వక్త నోరు జారితే అందులో ఎక్కించి, ప్రశ్నల సమయం రాగానే లేచి దిద్దేవాణ్ణి. ఒకసారి యారాడ తీరం ఫోటో కింద రుషికొండ అని కార్డు పెట్టారు. ఆ కార్డు మార్చేదాకా నేను హాల్లోంచి కదల్లేదు. వాచ్‌మన్ తలుపులు వేసేస్తానన్నా కదల్లేదు. మీటర్ల ముందు కూర్చుని ముసలైనవాణ్ణి. ముల్లు ఎర్రగీత దాటితే ఊరుకోకూడదని నేర్పిన ఉద్యోగం నాది.

నా బారి నుంచి తప్పించుకోవడానికి నిర్వాహకులు ఒక ఉపాయం కనిపెట్టారు. అధ్యక్షులవారు ‘ఇప్పుడు ప్రశ్నలు...’ అని నోరు తెరవగానే వెనక తలుపులోంచి మిరపకాయ బజ్జీల పళ్లెం వచ్చేది. ఆ వాసన తగిలాక చరిత్ర మీద సందేహాలున్న మనిషి హాల్లో ఒక్కడే మిగిలేవాడు. ఆ ఒక్కడికీ మైకు అందేది కాదు. నాకు మైకు అక్కర్లేదన్న సంగతి పాపం వాళ్లకు ఆలస్యంగా తెలిసింది. మిల్లు మోతలో ఇన్నేళ్లు మాట్లాడిన గొంతు ఇది.

నా భార్య నా మేనమామ కూతురే. భీమిలి దగ్గర పల్లె వాళ్లది. నేను చొక్కాకు బొత్తాలు పెట్టుకుంటుంటే ఒకటి రెండుసార్లు, “నన్నూ తీసుకెల్లు బావా, నానూ వింతాను” అంది. “నీకేటి అర్థమవుతాది, బోరు కొడతాది” అన్నాను. అన్నప్పుడు తప్పుగా తోచలేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. కాలనీలో ఆమె పేరు తెలిసినవాళ్లు ఎవరూ లేరనే చెప్పాలి. ‘మిల్లు సెక్షనాయన భార్య’ అంటారు, లేకపోతే ‘పెద్దోడి అమ్మ’ అంటారు. నేను కూడా పిలిచేటప్పుడు ‘ఇదిగో’ అంటాను. మా ఇంట్లో ఇదిగో అంటే ఆవిడే.

పాతవూళ్లో నేను ఎక్కువగా వెళ్లే లైబ్రరీ ఒకటుంది. మేడ మీద హాలు. కిటికీలోంచి హార్బరు క్రేన్లు కనిపిస్తాయి. ఓడ కూత వేస్తే ఎంతటి వక్తయినా వాక్యం మధ్యలో ఆగాల్సిందే. ఆ లైబ్రరీ వాళ్లు కిందటేడు ‘మన ఇళ్లలో చరిత్ర’ అని ప్రదర్శన తలపెట్టారు. సభ్యుల ఇళ్లలో పాత వస్తువులేమైనా ఉంటే లైబ్రేరియనమ్మ స్వయంగా వచ్చి చూసి తీసుకెళ్తుందన్నారు. నేను రెండు రోజులు అటక మీద కూర్చుని నా సంపద దించాను. ఇన్నేళ్లుగా నేను హాజరైన సభల ఆహ్వాన పత్రికలు, తారీఖుల వారీగా, రబ్బరు బ్యాండు వేసి. మన ఊళ్లో చరిత్ర గురించి ఎవరెవరు ఏమేం తప్పులు మాట్లాడారో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

లైబ్రేరియనమ్మ వచ్చిన రోజు నేను ఇంట్లో లేను. ఎలమంచిలిలో బౌద్ధం మీద ఉపన్యాసం ఉంటే వెళ్లాను. తిరిగొచ్చే రైలు ఆలస్యం. ఇంటికొచ్చేసరికి నా కట్ట బల్ల మీద అలాగే ఉంది.

“లైబ్రరీ మేడం వొచ్చినాది బావా. నీ కార్డులు సూసి నవ్వినాది. అల్లం టీ ఇచ్చినాను. టీ బాగుందని వొంటింట్లోకి వొచ్చి అల్లం గుండు పట్టుకెల్లిపోనాది” అంది మా ఆవిడ.

“అల్లం గుండా? అదేటి సేసుకుంటాదంట?”

“పాతదే గదా అన్నాది. నానూ పాతదే అన్నాను.”

ఆ గుండు గురించి చెప్పాలి. మా సెక్షన్లో ఓ పెద్ద ఇనప డ్రమ్ము తిరుగుతూ ఉండేది. అందులో ఉక్కు గుండ్లు వేసి బొగ్గును పొడి చేసేవాళ్లం. బాల్ మిల్లు అంటారు. అరిగి చిన్నవైపోయిన గుండ్లను తీసి పక్కన పోసేవాళ్లు. బత్తాయంత ఉండి, చేతిలో ఇమిడి, అల్లం వెల్లుల్లి మీద ఒక్క దెబ్బ వేస్తే మారు దెబ్బ అక్కర్లేనంత బరువుగా ఉండేవి. కొత్తగా పెళ్లయిన రోజుల్లో అమ్మ అడిగిందని ఒకటి టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో పెట్టి, పైగిన్నెలో మిగిలిన పులిహోర పెట్టి, గేటు దాటించాను. సెక్యూరిటీవాడు మూత తీశాడు, పులిహోర వాసన చూసి మూసేశాడు. నేనొక్కణ్ణే ఈ పని చేశానని అనుకోకండి. మా కాలనీలో అల్లం దంచే చప్పుడు అన్ని వంటిళ్లలోనూ ఒకేలా ఉండేది. అమ్మ ఉన్నన్నాళ్లు అమ్మ దంచింది, తర్వాత మా ఆవిడ దంచింది.

ప్రదర్శన మొదలైన రోజు హాల్లోకి వెళ్లగానే ఓ మూల గుమిగూడిన జనం కనిపించారు. జనం ఉన్నచోట తప్పు ఉంటుందని నా అనుభవం. దూరి చూశాను. అద్దాల పెట్టె. ఎర్ర మఖ్మల్ గుడ్డ. దాని మీద మా అల్లం గుండు, కొబ్బరినూనె రాసినట్టు నిగనిగలాడుతూ. ముందు ఓ కార్డు, కార్డు మీద రెండు లైన్లు. పై లైనులో ‘డచ్చివారి ఫిరంగి గుండు, భీమునిపట్నం ప్రాంతం’ అని ఉంది. కింది లైనులో ‘ఇచ్చినవారు’ అని మా ఆవిడ పేరు. పూర్తి పేరు. పుట్టింటి ఇంటిపేరుతో సహా. ఆ ఇంటిపేరు మా అమ్మ పుట్టింటిది కూడా. అచ్చులో దాన్ని చూడటం నాకదే మొదటిసారి.

నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, ఆ తర్వాత కుళ్లు వచ్చింది. దాచడమెందుకు. ఇన్నేళ్లు చరిత్ర వెంట తిరిగింది నేను, అద్దాల పెట్టె దొరికింది వంటింటికి.

డచ్చివాళ్లు మా వంటింట్లోకి ఎలా వచ్చారో ఆరా తీశాను. లైబ్రేరియనమ్మ మా ఆవిణ్ణి మూడు ప్రశ్నలు అడిగింది. మీది ఏ ఊరమ్మా? భీమిలి దగ్గరండి. ఇది ఎన్నాళ్లనాటిది? మా అత్త కాలం నాటిదండి. మీ అత్తగారిది ఏ ఊరు? మా ఊరేనండి, మా మేనత్త. మూడూ నిజాలే. ఈ మూడింటినీ ఆవిడ కాగితం మీద రాసుకుని ఒక రిటైర్డు ప్రొఫెసరుగారికి చూపించింది. ఆయన జీవితమంతా ఒకప్పుడు భీమిలిలో కోట కట్టిన డచ్చివాళ్ల మీద పనిచేశాడు. ఆయన చేతికి కొబ్బరికాయ ఇచ్చినా అది డచ్చి ఓడలోంచి దిగిందే అవుతుంది. భీమిలి, తరతరాలుగా వస్తున్న గుండు, గుండు మీద ఓ చిన్న గుంట. ఆ గుంట కంపెనీ ముద్ర అరిగిపోగా మిగిలింది కావచ్చన్నాడు. పోత పోసినప్పుడు గాలి బుడగ పగిలిన గుంట అది. అలాంటివి నేను వేలల్లో చూశాను.

ఇంటికొచ్చి కార్డు సంగతి మా ఆవిడకు చెప్పాను. డచ్చివాళ్ల మాట చెప్తే నవ్వింది. కింది లైను చెప్పగానే నవ్వు ఆపేసింది.

“నా పేరేటి? మొత్తం రాసీసినారా?”

“రాశారు.”

“మా ఇంటిపేరు కూడానా?”

మర్నాడు ఆమె ఒక్కతీ బస్సెక్కి పాతవూరు వెళ్లింది. పెళ్లయ్యాక నేను లేకుండా గాజువాక దాటడం అదే మొదటిసారి అనుకుంటాను. ఆ మర్నాడు పక్కింటావిణ్ణి తీసుకెళ్లింది. ఆపైన కాలనీ ఆడవాళ్లు ఐదుగురిని తీసుకెళ్లింది. అందరూ అద్దాల పెట్టె పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఆ ఫోటోల్లో గుండు కన్నా కార్డే పెద్దగా పడింది. ఆ ఐదుగురి ఇళ్లలోనూ ఆ గుండు లాంటి గుండే ఉంది. అయినా ఒక్కరూ కిక్కురుమనలేదు. ఆ వారం రోజులు కాలనీలో ఆమెను పేరు పెట్టి పిలవడం నేను విన్నాను. పిలిచినప్పుడల్లా ఆమె కొంచెం ఆలస్యంగా పలికేది. ఇంకెవరినో పిలుస్తున్నారని అనుకునేదట.

ప్రదర్శన చివరి రోజు సాయంత్రం ప్రొఫెసరుగారి ఉపన్యాసం. అంశం ఆ గుండే. దిద్దితే నిండు సభలోనే దిద్దాలని నేనూ ఆ రోజు దాకా ఆగాను. పొద్దున్న నేను నోటుబుక్కు జేబులో పెట్టుకుంటుంటే మా ఆవిడ చీర ఇస్త్రీ చేసుకుంటోంది.

“ఇయాల లేస్తావేటి?” అంది.

“లేవాలి గదా. తప్పు తప్పే.”

“అది మిల్లుదని నాకు తెల్దేటి బావా. నువ్వు కేరేజీలో ఎట్టి తెచ్చిన రోజు నానే గదా కడిగినాను. నువ్వు సెప్తే ఆ కార్డు తీసీస్తారా?”

“తప్పుంటే తీసేస్తారు.”

“ఇయాలే ఆఖరు రోజంట. పొద్దుపోతే ఎలాగూ తీసీస్తారు గదా. నువ్వు ఊరుకుంటే ఏటి పోతాది?”

నేను చరిత్ర గురించి ఓ చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఒక అబద్ధం అద్దాల పెట్టెలో కూర్చుంటే రేపు పుస్తకంలో కూర్చుంటుందనీ, ఎల్లుండి పిల్లల పరీక్షలో కూర్చుంటుందనీ అన్నాను. చాలా బాగా మాట్లాడాను. ఆమె చీర మడత పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. నాతో పనిచేసిన వాళ్లే ముగ్గురు నా వెనక వరసలో ఉన్నారు. మా ఆవిడ మూడో వరసలో, కాలనీ ఆడవాళ్ల మధ్య. ప్రొఫెసరుగారు గుండును రెండు చేతులతో ఎత్తి చూపించాడు. ఇది ఏ ఓడలో వచ్చిందో, ఏ కోట బురుజు మీద నిలిచిందో, ఏ శత్రువు గుండె మీద పడిందో కళ్లకు కట్టాడు. అల్లం ముక్క మీద తప్ప అన్నిటి మీదా పడింది. మధ్యలో రెండుసార్లు ఓడ కూసింది, ఆయన దాన్నీ వాడుకున్నాడు. “వింటున్నారా, ఆ సముద్రం ఇంకా మాట్లాడుతోంది!” జనం చప్పట్లు కొట్టారు.

‘ప్రశ్నలు’ అనే మాట ఇంకా గాలిలో ఉండగానే నేను లేచాను.

“అయ్యా, అది ఫిరంగి గుండు కాదు. స్టీల్ ప్లాంటులో బొగ్గు పొడి చేసే మిల్లు గుండు. ఎలా తెలుసంటారేమో. దాన్ని గేటు దాటించింది నేనే. టిఫిన్ క్యారియర్లో పెట్టి దొంగతనంగా తెచ్చాను.”

హాల్లో తలలన్నీ నావైపు తిరిగాయి. నిజం చెప్పొద్దూ, అది నాకు ఎంతో బాగుంది. నా తప్పు నేనే ఒప్పుకుని సత్యాన్ని నిలబెట్టినవాణ్ణి. నా మీద నాకే గౌరవం పెరిగింది.

ప్రొఫెసరుగారు నవ్వాడు. “మీ అభిప్రాయాన్ని గౌరవిస్తాను. ఆధారం?”

నేను వెనక్కి తిరిగి నా పాత సహోద్యోగుల్ని చూశాను. ముగ్గురూ కలిసి సీలింగు ఫ్యాను చూస్తున్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాళ్లయినా నయం. వీళ్లు కళ్లు కూడా ఆర్పలేదు.

“పోనీ ఒక పని చేద్దాం. ఇచ్చిన అమ్మ ఇక్కడే ఉన్నారు కదా, ఆమెనే అడుగుదాం” అన్నాడు ప్రొఫెసరుగారు. నాకు ఇన్నేళ్లలో ఒక్కసారీ అందని మైకు వరసలు దాటుకుంటూ మా ఆవిడ చేతికి చేరింది. ఆయన మెత్తగా అడిగాడు. “చెప్పండమ్మా. మీ వారి మాట నిజమా? తరతరాలుగా మీ ఇంట్లో ఉన్నది కదా ఇది?”

ఒక్క ‘అవునండి’ చాలు. కార్డు ఉంటుంది, పేరు ఉంటుంది, నేను ఊరికి పిచ్చివాణ్ణవుతాను. హాలంతా ఆ ‘అవునండి’ కోసం ముందుకు వంగింది. ఆమె మైకును ఎంత దూరంలో పట్టుకోవాలో తెలియక గడ్డానికి ఆనించుకుంది.

“ఆయన సెప్పింది నిజమేనండి. మిల్లుదే. డచ్చోలదని నానెప్పుడూ సెప్పలేదండి. అల్లం దంచుతన్నానని సెప్పినాను.”

వెనక తలుపులోంచి బజ్జీలు వచ్చాయి. ఈసారి ఆ పళ్లేన్ని చూసి అందరికన్నా ప్రొఫెసరుగారే ఎక్కువ సంతోషించాడు. లైబ్రేరియనమ్మ మొహం ఎర్రబడింది. అద్దాల పెట్టె తెరిచి, కార్డు తీసి, రెండు ముక్కలు చేసి పక్కనున్న బుట్టలో వేసింది. గుండును మఖ్మల్ గుడ్డ మీంచి తీసి, పాత పేపర్లో చుట్టి, మా ఆవిడకిచ్చింది. మెట్లు దిగుతుంటే నా సహోద్యోగుల్లో ఒకడు చేయి పట్టుకుని పక్కకు లాగాడు. “గురూ, నువ్వు సెప్పీసినావు గానీ, మా ఇంటికాడ రెండున్నాయి. ఎవులితోనీ అనకు” అన్నాడు.

బస్సులో మా ఆవిడ పేపరు పొట్లం ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. కాలనీ ఆడవాళ్లు నాలుగు వరసల వెనక కూర్చున్నారు. నేను ఆ సాయంత్రం జరిగినదాన్ని మొదట్నుంచి చివరిదాకా ఆమెకు మళ్లీ చెప్పాను, ఆమె అక్కడ లేనట్టు. ప్రొఫెసరు మొహం చూశావా అన్నాను. ఒప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలో అన్నాను. నువ్వు కూడా నిజమే చెప్పావు, బాగుంది అన్నాను.

ఇంటికొచ్చాక పొట్లం విప్పి గుండును గట్టు మీద పెట్టింది. చేతులు కడుక్కుంది. తుడుచుకుంటూ అంది.

“కార్డు మీద రెండు లైన్లున్నాయి గదా బావా. పైది తప్పు. సరే. కిందది కూడా తప్పేనేటి?”

నేను అంతమందిలో లేచి నిలబడ్డప్పుడు అడగాల్సిన మాట అదే. పై లైను కొట్టేసి కింది లైను ఉంచండి అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నాకు తట్టలేదు. కింది లైను నాకు కనిపించలేదనుకోకండి, బాగా కనిపించింది.

తెల్లారగానే మొదటి బస్సుకు వెళ్లాను. హాల్లో బల్లలు మడిచి గోడకు ఆనించి ఉన్నాయి. బుట్ట ఖాళీ. ఊడ్చేసి పారబోశారట. లైబ్రేరియనమ్మ నన్ను చూడగానే ఇంకేం తప్పు దొరికిందోనని బెదిరిపోయింది. “కొత్త కార్డు రాయండమ్మా” అన్నాను. “అల్లం దంచే గుండు అని రాయండి. మిల్లులోంచి వచ్చిందని రాయండి, దొంగిలించింది నేనని కూడా రాయండి. కింద ఇచ్చినవారి పేరు మాత్రం అలాగే ఉంచండి.”

“ప్రదర్శన అయిపోయింది కదండీ. ఇప్పుడు రాసి ఎక్కడ పెట్టమంటారు?” అంది. ఆమె తప్పేం లేదు. నిజంగానే పెట్టడానికి చోటు లేదు.

ఇంటికొచ్చేసరికి పది దాటింది. మా ఆవిడ టీ పెట్టి ఉంచింది. నా చెప్పులకంటిన పాతవూరి హార్బరు నల్లదుమ్ము చూసి ఎక్కణ్ణుంచి వస్తున్నానో పోల్చుకుంది. గ్లాసు నా ముందు పెట్టి అడిగింది.

“ఇయాల ఎవులి తప్పు దిద్దీసినావు?”

“నాదే” అన్నాను. “కుదర్లేదు.”